టికెట్ వెనక

రుషికొండ మీద మూడో అంతస్తులో
ఏసీ చలికి చున్నీ మెడకు చుట్టుకుని
రాత్రి పదకొండున్నరకి
ఒక వాక్యం కోసం వెతుకుతున్నాను.

పెద్ద వాక్యమేం కాదు.
"ఇంజిన్ నంబరులో ఒక అంకె తక్కువైంది." అంతే.
నేనే రాశాను, నేనే రిక్వెస్టులో పెట్టాను.
పెట్టినట్టు లాగ్ సాక్ష్యం చెబుతోంది
గంటా నిమిషం సెకనుతో సహా.
పేజీలో మాత్రం లేదు.

పొద్దున్న ఫిషింగ్ హార్బరు నుంచి ఫోను.
మైలపల్లి నూకరత్నం. రెండు బోట్లు, ఒకటి మరమ్మతులో.
"ఏటమ్మా, నాలుగుసార్లు నొక్కినాను.
నొక్కినప్పుడల్లా తెల్లకాయితం సూపెడతంది.
తప్పయితే తప్పని సెప్పాల,
ఒప్పయితే ఒప్పని సెప్పాల.
మూగోడి నాగ సూస్తే నానేటి సేసేది?"
డీజిలు రాయితీకి శనివారం గడువు.
ఇవాళ గురువారం.

సత్పతి గారు నా భుజం మీదుగా తెర చూసి
"పోర్ట్‌లెట్‌కి రెండు జన్మలు" అన్నారు.
"యాక్షన్ ఒకటి, రెండర్ ఒకటి.
ఆ రిక్వెస్టు వేరు, ఈ రిక్వెస్టు వేరు.
పూర్వజన్మ వాసనలేం మిగలవమ్మా."
అనేసి టీకి వెళ్లిపోయారు.

నాకు జన్మల మీద అంత నమ్మకం లేదు.
బస్సుల మీద ఉంది.

పోయిన నెల ఆఫీసుకొస్తుంటే
హనుమంతవాక దగ్గర బస్సు పొగలు కక్కింది.
అందరినీ దింపి వెనకొచ్చిన దాంట్లో ఎక్కించారు.
అదే దారి, అదే టికెట్టు,
కండక్టరే వేరు.
మొదటాయన నాకు అరవై రూపాయలు బాకీ.
"చిల్లర తర్వాత" అన్నప్పుడు
"గుర్తుంటాదిలే" అని తల కూడా ఊపాడు.
ఆ ఊపిన తల కిందే ఉండిపోయింది,
బానెట్ ఎత్తి నీళ్లు పోస్తూ.

రెండో ఆయన నన్ను ఎగాదిగా చూసి
"నాకేటి తెలుసు?" అన్నాడు.
నిజమే, ఆయనకేం తెలుసు!
నా పక్క సీటావిడ మాట్లాడకుండా
టికెట్ తిప్పి చూపించింది.
వెనక నీలం పెన్నుతో నలభై, దాని కింద చిన్న గీత.
ఆయన గీత గుర్తుపట్టి, డిపోలో చూసుకుంటాంలే అని
నలభై తీసి ఇచ్చాడు.

నిన్న ఈ వాక్యాన్ని సెషన్లో దాచి చూశాను.
దాగింది, కాని పోనంది.
అంకె సరిదిద్దినా పేజీ నిండా పాత తప్పే,
పెళ్లయి నెలైనా విప్పని పందిరిలా.
తీసేశాను.

ఇప్పుడు వాక్యం మొత్తం పంపను.
టికెట్ వెనక పట్టేంతే పంపుతాను:
రెండర్ పారామీటరుగా ఒక చిన్న గుర్తు,
ఇ-నాలుగు.
అవతలి వైపు అది చదువుకుని
వాక్యాన్ని మళ్లీ కూర్చుకుంటుంది.
పక్కనున్న వాతావరణ హెచ్చరికను ఎవరో నొక్కితే
నా పోర్ట్‌లెట్ కూడా మళ్లీ గీసుకుంటుంది,
ఒకసారి కాదు, పదిసార్లు.
పదిసార్లూ టికెట్ తిప్పి చూస్తే చాలు.
చేసిన పని ఒక్కసారే, చూపడం ఎన్నిసార్లయినా.

మూడు లైన్లు. ఒంటి గంటా పది.
కిటికీలో, రేవులోకి పిలుపు రాని ఓడల దీపాలు.

శుక్రవారం పదింటికి నూకరత్నం ఫోను.
గొంతులో పండగ.
"తప్పంటందమ్మా! ఎర్రగా రాసి మరీ సెప్తంది!
ఆకరి అంకె ఏడమ్మా, ఏడు.
గ్రీజు కింద ఉండిపోనాది, గుడ్డెట్టి తుడిసినాను."

సరేనమ్మా, కొట్టండి, అన్నాను.

ఫోను పెట్టేశాక పర్సు తెరిచాను.
ఆ రోజు టికెట్టు ఇంకా ఉంది,
ముందువైపు అక్షరాలు సగం మాసిపోయి.
తిప్పి చూశాను.
తెల్లగా ఉంది.